అటక మీది బిందెను ఎందుకు అమ్మలేకపోతున్నాం?

గోదావరి తీరాన ఒక పట్టణంలో ఈ వ్యాసకర్త బంధువుల ఇల్లు ఒకటి సంక్రాంతి వెళ్లిన తరువాత అమ్ముడైంది. డెబ్బై ఏళ్లు దాటిన ఇల్లాలు హైదరాబాద్‌లోని కుమారుడి ఫ్లాటుకు మారాలి. ఖాళీ చేయడానికి పది రోజుల గడువు. కుమారుడు, చిన్న కుమార్తె సెలవు పెట్టి వచ్చారు. పెద్ద కుమార్తె న్యూజెర్సీ నుంచి వీడియో కాల్‌లో ఉన్నారు. మంచాలు, బీరువాలు, సోఫా, ఫ్రిజ్ ఎవరికి చేరాలో ఒక్క పూటలో తేలిపోయింది. అటక మీది సామాను దించాక మాత్రం పని ఆగిపోయింది.

దించినవి ఇవి: నాలుగు ఇత్తడి బిందెలు, రెండు గంగాళాలు, ఆరు ఆవకాయ జాడీలు, ఒక తిరగలి, ఉయ్యాల గొలుసులు, తాళంచెవి పోయిన ట్రంకు పెట్టె. పెట్టె పగలగొడితే అందులో ఉత్తరాల కట్టలు, పాత రేషన్ కార్డులు, ఇంటి పెద్దాయన కళ్లజోడు కనిపించాయి. పాత ఇత్తడి కొనే వ్యాపారి తూకం సరంజామాతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. నాలుగు బిందెల్లో మూడింటి మీద ఇంటివారి పేర్లు కొట్టించి ఉన్నాయి. నాలుగో దాని మీద ఉన్న పేరు ఆ కుటుంబంలో ఎవరిదీ కాదు. కాబట్టి కుమారుడు ముందుగా దానినే తూకానికి పెట్టబోయారు. “అది మనది కాదురా, ఉండనీ” అన్నారు తల్లి. మనది కానిది మనకెందుకని కుమారుడు అడిగారు. ఆమె సమాధానం చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాల దాకా ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోలేదు.

ఇల్లు మారేటప్పుడు, పెద్దలు గతించినప్పుడు, అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇటువంటి ఘట్టం దాదాపు ప్రతి కుటుంబానికీ ఎదురవుతుంది. బంగారం, భూమి పంచుకోవడానికి చట్టం ఉంది, మధ్యవర్తులు ఉన్నారు. జాడీలకు, కళ్లజోళ్లకు అవేవీ లేవు. వాటి ధర స్వల్పం. వాటి గురించి వచ్చే మనస్పర్థలు మాత్రం స్వల్పం కావు. విలువలేని వస్తువును వదులుకోవడం ఎందుకింత కష్టమవుతుందో మనస్తత్వ శాస్త్రం, ఆర్థిక శాస్త్రం కొంతవరకు వివరించాయి. మన ఇళ్ల పాత అలవాట్లు మరికొంత వివరిస్తాయి.

గుమ్మం దాటితే మారే మాట

ఆంగ్లంలోని ‘క్లట్టర్’ అనే మాటను అనువదించడానికి కూర్చుంటే తెలుగులో సరిసమానమైన పదం దొరకదు. ‘చిందరవందర’ అంటే వస్తువులు పడి ఉన్న తీరే తెలుస్తుంది, వాటి సంఖ్య కాదు. ‘చెత్త’ అంటే పారవేయాలన్న తీర్పు అప్పుడే ఇచ్చేసినట్లు. ‘తుక్కు’ అనేది వ్యాపారి మాట. ఇంట్లో ఉన్నంతసేపూ దానిని మనం ‘సామాను’ అనే అంటాం. పారశీకం నుంచి వచ్చిన ఈ మాటలో నిందేమీ లేదు. అదే బిందె గుమ్మం అవతల తుక్కు, ఇవతల సామాను. అధికమైన వస్తుసంచయాన్ని దోషంగా చూపే ప్రత్యేక పదం మన వాడుకలో ఏర్పడలేదంటే, బహుశా అది మనకు దోషంగా తోచకపోవడమే కారణం. “ఎందుకైనా మంచిది, ఉండనీ” అన్న మాట మాత్రం ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది.

మరొక మాట ‘గుర్తు’. చిహ్నానికీ అదే, జ్ఞాపకానికీ అదే. బిందె అంచున చుక్కలతో కొట్టించిన పేరు రెండు అర్థాలలోనూ గుర్తే. పెళ్లికి, గృహప్రవేశానికి ఇచ్చే పాత్రల మీద ఇచ్చినవారి పేరు, తేదీ చెక్కించే ఆచారం మనకు బాగా తెలిసినదే. ఒకప్పుడు ఇది భద్రత కోసం కూడా జరిగేది. పెళ్లిళ్లకు వీధిలోని అందరి పాత్రలూ ఒకచోట చేరేవి, పని ముగిశాక ఎవరివి వారికి చేరాలి. అయితే పేరు పడిన తరువాత ఆ పాత్ర ఒట్టి లోహంగా మిగలదు. తూకంలో ఇత్తడికి ధర కడతారు, తరుగు తీస్తారు. పేరుకు ధర కట్టే తూకం లేదు.

చేతిలోకి వస్తే విలువ పెరుగుతుంది

1990లో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ ఒక ప్రసిద్ధ ప్రయోగ ఫలితాలను ప్రచురించారు. విద్యార్థులలో కొందరికి కాఫీ కప్పులు ఉచితంగా ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు దక్కనివారిని ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవారు కోరిన ధర, కొనేవారు ఇస్తామన్న ధరకు రెట్టింపుగానో అంతకు మించిగానో ఉంది. ఆ కప్పులతో ఎవరికీ చిన్ననాటి అనుబంధం లేదు. అవి వారి చేతికి వచ్చి కొద్ది నిమిషాలే అయింది. ఈ ధోరణికి థేలర్ 1980లోనే ‘ఎండోమెంట్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు. ఎండోమెంట్ అనగానే తెలుగు పాఠకులకు దేవాదాయ శాఖ గుర్తుకు రావచ్చు. ఇక్కడి అర్థం అది కాదు. ఒక వస్తువు ‘నాది’ అయిన మరుక్షణం దాని విలువ మన దృష్టిలో పెరిగిపోతుందని భావం. పొందినప్పటి సంతోషం కంటే పోగొట్టుకున్నప్పటి బాధ ఎక్కువ తూగడమే ఇందుకు కారణమని వారి వివరణ. ఈ ఆలోచనలకు పునాది వేసిన కానెమన్‌కు 2002లో, థేలర్‌కు 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది.

కొద్ది నిమిషాల కప్పుకే ఇంత పట్టు ఉంటే, నలభై ఏళ్ల బిందె సంగతి చెప్పనక్కర లేదు. అయినా ఇల్లు ఖాళీ చేసేవారి కష్టాన్ని ఈ సిద్ధాంతం పూర్తిగా వివరించలేదు. ధర ఎక్కువ ఇస్తే కప్పును అమ్ముతారు. ఎంత ధర ఇచ్చినా తండ్రి కళ్లజోడును అమ్మడానికి ఒప్పుకోనివారు ఉంటారు.

ఇక్కడ రసెల్ బెల్క్ 1988లో రాసిన వ్యాసం ఉపకరిస్తుంది. వినియోగదారుల ప్రవర్తనపై పరిశోధన చేసిన ఆయన, మనిషి ‘నేను’ అనుకునేది శరీరంతో ఆగిపోదని, అతని వస్తువులలోకి కూడా విస్తరిస్తుందని వాదించారు. దొంగతనం జరిగినవారు పోయిన సొత్తు విలువను మించి గాయపడటానికి కారణం ఇదే. ఆప్తులు మరణించాక వారి వస్తువులు మిగిలిన వారి ‘నేను’లో భాగమవుతాయి. అటువంటి వస్తువుకు ప్రతిరూపం చాలదు. బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో చిన్నపిల్లలకు వస్తువులను అచ్చు గుద్దినట్లు నకలు తీసే యంత్రమని చెప్పి ఒక పెట్టెను చూపించారు. తాము పక్కన పెట్టుకుని నిద్రించే బొమ్మ విషయంలో అధిక సంఖ్యాకులు అసలుదే కావాలన్నారు. కొందరు ఆ బొమ్మను యంత్రంలో పెట్టడానికే అంగీకరించలేదు. ఆ పిల్లలకూ కళ్లజోడు వదలలేని పెద్దలకూ ఈ విషయంలో తేడా ఏమీ కనబడదు.

చీర బొంతయ్యేది, బొంత మసిగుడ్డయ్యేది

వెనుకటి తరాలకు మనకంటే వైరాగ్యం ఎక్కువని అనుకోనక్కరలేదు. వారు వస్తువును ఒక్కసారిగా వదులుకోవలసిన అవసరం తక్కువగా వచ్చేది. కట్టి కట్టి పలచబడిన నేత చీర చంటిబిడ్డకు ఉయ్యాలయ్యేది. తరువాత నాలుగైదు చీరలు కలిసి బొంతయ్యేవి. బొంత చిరిగాక ముక్కలు వంటింట్లో మసిగుడ్డలయ్యేవి. చివరి పీలిక బయటికి పోయేనాటికి ఆ చీరను గురించిన దుఃఖం ఎప్పుడో తీరిపోయి ఉండేది. బెంగాల్‌లో కాంతా, బిహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడి, సింధు-రాజస్థాన్ ప్రాంతంలో రల్లీ ఈ కోవకు చెందినవే. ఇప్పుడు వీటిలో కొన్ని హస్తకళా వస్తువులుగా దుకాణాల్లో మంచి ధర పలుకుతున్నాయి. వాటి మొదటి ప్రయోజనం ఇంట్లోని పాత బట్ట ఇంట్లోనే రూపు మార్చుకుని ఉండటం.

లోహానిదీ అదే దారి. కళాయి పోతే కళాయి వేయించేవారు, సొట్టపడితే సరిచేయించేవారు, ఇక పనికిరాదనుకుంటే తూకానికి ఇచ్చి కొత్త పాత్ర తెచ్చేవారు. స్టీలు ఇళ్లలోకి వచ్చిన దశాబ్దాల్లో ఎన్నో ఇత్తడి బిందెలు ఇలాగే వెళ్లిపోయాయి. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవారు వీధుల్లో తిరిగేవారు. వారితో గంటసేపు బేరమాడి సాధించిన గిన్నెను చూసినప్పుడల్లా అది ఏ చీరకు వచ్చిందో ఇల్లాలికి గుర్తుండేది.

వదులుకోవడానికి ముహూర్తాలు కూడా ఉండేవి. భోగి నాడు విరిగిన చెక్క సామాను మంటలో వేయడం వాటిలో ఒకటి. ఇప్పుడు ఆ మంటలో ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు కూడా పడుతున్నాయి. బహిరంగ ప్రదేశాల్లో చెత్త తగులబెట్టడాన్ని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నిషేధించాయి. ప్లాస్టిక్ పొగ ఎవరికీ మేలు చేయదు. మరణానంతర కర్మలలో శయ్యాదానం, గొడుగు, చెప్పులు, వస్త్రాలు ఇవ్వడం మరొకటి. దాని ధార్మిక ఉద్దేశం ఏదైనా, గతించినవారి పడక, బట్టలు ఎప్పుడు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు ఆ ఆచారం ఒక తేదీ పెట్టింది. దుఃఖంలో ఉన్నవారు నిర్ణయం తీసుకోవలసిన పని లేకుండా చేసింది. కళ్లజోడు, చేతి గడియారం, దస్తూరి ఉన్న డైరీ ఆ జాబితాలో లేవు. అందుకే అవి ట్రంకు పెట్టెల్లో మిగిలిపోతున్నాయి.

నేటి వస్తువులకు ఈ దారులు మూసుకుపోయాయి. పాలిస్టర్ చీర బొంతకు పెద్దగా పనికిరాదు. చెడిపోయిన టేప్‌రికార్డరు మరో రూపం ధరించదు. ఉంటే అలాగే ఉండాలి, లేదా పూర్తిగా పోవాలి. పైగా ఫ్లాట్లలో అటకలు లేవు. స్నానాల గది మీద కట్టే ఇరుకు గూటిలో సూట్‌కేసులు పట్టడమే కష్టం. తల్లిదండ్రుల ఇంటి నాలుగు గదుల సామాను పిల్లల రెండు గదుల్లోకి రాదు. ఇది మమకారంతో నిమిత్తం లేని కొలతల లెక్క.

భారం ఎవరిది?

లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మానవశాస్త్రవేత్తలు, పురాతత్త్వవేత్తలు 2001-2005 మధ్య అక్కడి 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లలోని వస్తువులను తవ్వకాల్లో దొరికిన వాటిలా నమోదు చేశారు. ఆ పరిశోధనలో భాగంగా భార్యాభర్తలను తమ ఇంటిని వర్ణించమని అడిగి, వారి లాలాజలంలో కార్టిసాల్‌ను కొలిచారు. ఒత్తిడితో ముడిపడిన ఈ హార్మోను సాధారణంగా ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. ఇల్లు సర్దుకోలేనంతగా నిండిపోయిందని, పనులు తెమలలేదని చెప్పిన భార్యలలో ఆ తగ్గుదల మందగించింది. భర్తలలో అటువంటి సంబంధం కనబడలేదు. చిన్న అధ్యయనం, అమెరికా కుటుంబాలు. సామానే ఒత్తిడికి కారణమని దీనితో రుజువు కాదు. అయినా మన ఇళ్లలో అటక ఎక్కి దుమ్ము దులిపేది ఎవరో, ఏ జాడీ ఎక్కడుందో గుర్తుపెట్టుకునేది ఎవరో తెలిసినవారికి ఈ ఫలితం వింతగా తోచదు.

అదే ఇల్లాలు వృద్ధాప్యంలో ఇల్లు మారవలసి వచ్చినప్పుడు “ఇంత చెత్త ఎందుకు దాచావమ్మా” అన్న ప్రశ్నకు నిలబడవలసి వస్తుంది. పిల్లలు దాదాపు ఎప్పుడూ సదుద్దేశంతోనే అంటారు. వారికి కనబడేది సామాను, ఆమెకు వినబడేది తన ఇన్నేళ్ల సంసారంపై వ్యాఖ్య. వాదన సాధారణంగా ఇక్కడ దారి తప్పుతుంది. ఉపయోగం ఉందా లేదా అని పిల్లలు అడుగుతారు, ఉందని నిరూపించడానికి ఆమె తంటాలు పడతారు. నిజానికి ఆ గంగాళంలో ఇక ఎవరూ నీళ్లు కాచరని ఆమెకూ తెలుసు.

కథ తెలిస్తే చేయి వదులవుతుంది

జపాన్ రచయిత్రి మారీ కొండో 2011లో వెలువరించిన పుస్తకం ద్వారా ప్రపంచానికి పరిచయమైన పద్ధతిలో, వస్తువును చేతిలోకి తీసుకుని అది ఆనందం కలిగిస్తోందా అని ప్రశ్నించుకోవాలి. జ్ఞాపకాలతో ముడిపడిన వస్తువులను ఆమె చివరికి ఉంచమంటారు. ఆ క్రమం సరైనదే. ప్రశ్న మాత్రం మన ఇళ్లకు పూర్తిగా అతకదు. తండ్రి కళ్లజోడు ఆనందం కలిగించదు. దుఃఖం కలిగించే వస్తువునే మనుషులు ఎక్కువ పదిలంగా దాచుకుంటారు.

అంతకంటే ఉపయోగకరమైన సూచన అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ వసతి గృహాలలో జరిగిన ఒక పరీక్షలో దొరికింది. సంవత్సరాంతంలో గదులు ఖాళీ చేసే విద్యార్థులను విరాళాలు కోరుతూ కొన్ని భవనాలలో మామూలు ప్రకటనలు పెట్టారు. మరికొన్నింటిలో జ్ఞాపకమున్న వస్తువును ఫొటో తీసుకుని ఆ తరువాత ఇవ్వండని పెట్టారు. మొదటి చోట 533 వస్తువులు, రెండో చోట 613 వస్తువులు వచ్చాయి. కారెన్ వింటెరిచ్, సహ పరిశోధకులు 2017లో వెల్లడించిన ఈ ఫలితాల ప్రకారం, మనుషులు భయపడేది వస్తువు పోతుందని మాత్రమే కాదు, దానితో తమలోని ఒక భాగం చెరిగిపోతుందని కూడా. జ్ఞాపకం భద్రంగా ఉందన్న హామీ దొరికితే చేయి కొంత వదులవుతుంది.

అయితే బిందె ఫొటోలో బిందె ఉంటుంది, దాని కథ ఉండదు. అమృత్‌సర్‌లోని పాత టౌన్ హాల్‌లో 2017లో ప్రారంభమైన విభజన మ్యూజియంలో ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలు బ్రీఫ్‌కేసు ఉన్నాయి. 1947లో సరిహద్దు దాటి వచ్చిన ఒక యువతిది కోటు, ఒక యువకుడిది బ్రీఫ్‌కేసు. విభజనకు ముందే వారికి పెళ్లి నిశ్చయమైంది. అల్లర్లలో ఎవరి దారిన వారు పారిపోయి, అమృత్‌సర్ శరణార్థి శిబిరంలో భోజనాల వరుసలో ఒకరినొకరు చూసుకున్నారు. మరుసటి ఏడాది పెళ్లి చేసుకున్నారు. ఆ కుటుంబం కథను చెప్పి ఉండకపోతే ఆ కోటు పాత బట్టల మూటలోకి పోయేది, ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఫోనులో పది నిమిషాల ధ్వనిముద్రణ చాలు. ఈ పాత్ర ఎవరిచ్చారు, ఎప్పుడు, దీనిలో ఏం వండేవారు అని అడిగి పెద్దల గొంతులోనే నమోదు చేయడం, ఆ పనిని ఇల్లు అమ్మిన వారం కాకుండా తీరికగా ఉన్న పండుగ సెలవుల్లో చేయడం మంచిది. ఏది పోవాలో ఆ తరువాత వారే చెప్పడం తరచుగా కనబడుతుంది. వాడదగిన బట్టలు, పాత్రలకు దారులు ఉన్నాయి. అంశు గుప్తా 1999లో ఢిల్లీలో స్థాపించిన గూంజ్ సంస్థ పట్టణాల మిగులు వస్తువులను గ్రామాలకు చేరుస్తోంది. ఇందుకు ఆయనకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. చిరిగినవి, మాసినవి ఇచ్చి దానం అనుకోవడం మాత్రం తగదు.

కాగితాల విషయంలో తొందర వద్దు. ట్రంకు పెట్టెలో పాత దస్తావేజులు, బీమా బాండ్లు, పాస్ పుస్తకాలు, షేర్ సర్టిఫికెట్లు ఉండవచ్చు. కాగితం రూపంలోని షేర్ల బదిలీని సెబీ 2019 ఏప్రిల్ 1 నుంచి సాధారణంగా అనుమతించడం లేదు. వాటిని డీమ్యాట్‌లోకి మార్చుకోవాలి. ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లను వెదకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ పోర్టల్‌ను ప్రారంభించింది. తాళపత్రాలు కనిపిస్తే పాత పేపర్లవారికి కాక హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో ఉన్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయాలకు చూపించాలి.

అది వ్యాధి అయినప్పుడు

మమకారంతో నాలుగు బిందెలు దాచుకోవడం వేరు, నడవడానికి దారి లేనంతగా ఇల్లు నిండిపోవడం వేరు. విలువతో నిమిత్తం లేకుండా దేనినీ వదలలేకపోవడం, వదలమంటే తీవ్రమైన వేదన కలగడం, మంచం మీద పడుకోలేనంతగా, పొయ్యి వెలిగించలేనంతగా వస్తువులు పేరుకుపోవడం ‘హోర్డింగ్ డిజార్డర్’ లక్షణాలు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీనిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలోనూ దీనికి చోటు ఉంది. ఇటువంటి వ్యక్తి ఊరికి వెళ్లినప్పుడు పిల్లలు ఇల్లంతా ఖాళీ చేసేయడం సహాయం కాదు. వేదన పెరుగుతుంది, నమ్మకం పోతుంది, ఇల్లు మళ్లీ నిండుతుంది. ఆలోచనలను, అలవాట్లను క్రమంగా మార్చే మానసిక చికిత్స అవసరం. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుబాటులో ఉంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

గోదావరి తీరాన ఆ ఇంట్లో భోజనాలయ్యాక పెద్ద కుమార్తె ఫోనులో మెల్లగా అడిగారు: “అమ్మా, ఆ పేరు ఎవరిది?” అప్పుడు ఆమె చెప్పారు. పెద్దమ్మాయి పుట్టినప్పుడు పురుడు పోయడానికి పుట్టింటి తరఫున ఎవరూ లేరు. తల్లి అప్పటికే గతించారు. వీధి చివరి కుళాయి నుంచి నీళ్లు మోసే ఓపిక తనకు లేదు. పక్క వాటాలో అద్దెకుండే ఆవిడ మూడు నెలలపాటు తెల్లవారుజామునే ఆ బిందెతో నీళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయేవారు. భర్తకు బదిలీ అయి సామాను బండికెత్తే రోజున బిందె ఈ ఇంట్లోనే ఉండిపోయింది. “మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటాలెండి” అన్నారట. మళ్లీ రాలేదు. ఏటా సంక్రాంతికి చింతపండుతో తోమి బోర్లించి ఉంచడమే ఈవిడ చేస్తూ వచ్చారు.

వ్యాపారి సాయంత్రం తిరిగి వచ్చారు. ఇంటి పేర్లున్న మూడు బిందెలు, రెండు గంగాళాలు తూకానికి వెళ్లాయి. వాటిని ఆమె స్వయంగా అందించారు. నాలుగో బిందె పాత చీర చుట్టుకుని కారు వెనక సీటులో హైదరాబాద్ చేరింది. ఫ్లాటులో దానికి ఇంకా చోటు కుదరలేదు. ప్రస్తుతానికి వాషింగ్ మెషీన్ పక్కన ఉంది.